సరిహద్దు గ్రామం నుండి రాజనీతిశాస్త్ర ఎం.ఎ. వరకు: అర్హతలు, పరీక్షల చరిత్ర

బీదరు జిల్లాలోని మంగళగి వంటి గ్రామంలో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడం చదువుకొని, బజారులో దక్కనీ ఉర్దూ వినే విద్యార్థి రాజనీతిశాస్త్రంలో ఎం.ఎ. చేయదలచుకుంటే ఎక్కడికి వెళ్లాలి? ఏ అర్హతలు చూపాలి? ఏ భాషలో పరీక్ష రాయాలి? ఈ ప్రశ్నలకు గత నూరేళ్లలో కనీసం నాలుగు సార్లు సమాధానాలు మారాయి. ఊరు మాత్రం కదలలేదు. ఆ మార్పులను క్రమంగా పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశ్యం. తెలుగు నేలకు వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులకు ఇది కేవలం గతం కాదని, నేటికీ వారి దరఖాస్తు ఫారంలోని గళ్లలో కనిపించే విషయమేనని మేము భావిస్తున్నాము.

బీదరుకు విద్యాకేంద్రంగా పాత పేరు ఉంది. బహమనీల వజీరు మహమూద్ గవాను 1472లో అక్కడ కట్టించిన మదరసా శిథిలాలు నేటికీ నిలిచి ఉన్నాయి. అయితే ఆధునికార్థంలో విశ్వవిద్యాలయ పట్టా అనేది ఈ ప్రాంతానికి హైదరాబాదు ద్వారానే వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడేనాటికి బీదరు నిజాం రాజ్యంలోని జిల్లా. అప్పటికి హైదరాబాదులో ఉన్నత విద్యకు నిజాం కళాశాల ప్రధానమైన దారి. ఆ కళాశాల 1887 నుండి మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. అంటే చదువు హైదరాబాదులో, ప్రశ్నపత్రం మద్రాసు నుండి, భాష ఇంగ్లీషు. ఉస్మానియా స్థాపనతో రెండవ దారి ఏర్పడింది. ఇక్కడ బోధన, పరీక్ష రెండూ ఉర్దూలో జరిగేవి. ఇంగ్లీషు తప్పనిసరి భాషగా ఉండేది. ఒక భారతీయ భాషలో ఉన్నత స్థాయి వరకు అన్ని శాస్త్రాలనూ బోధించాలన్న ప్రయత్నం బ్రిటిషు ఇండియాలోని విశ్వవిద్యాలయాలు అప్పటికి తలపెట్టనిది. అందుకు కావలసిన పాఠ్యగ్రంథాల కోసం 1917లోనే అనువాద సంస్థను నెలకొల్పారు.

ఉస్మానియాలో చరిత్రతో జంటగా రాజనీతిని బోధించిన ఆచార్యులలో హారూన్ ఖాన్ షేర్వానీ ముఖ్యులు. ముస్లిం రాజనీతి చింతనపైన, బహమనీల చరిత్రపైన ఆయన రాసిన గ్రంథాలు నేటికీ ప్రామాణికాలే. బీదరు కోటను ఏలినవారి పాలనా విధానాన్ని రాజనీతి విద్యార్థి అధ్యయనం చేయదగిన విషయంగా నిలబెట్టిన ఘనత ఆయనది. అయినా ఆ కాలంలో తెలుగు, కన్నడ, మరాఠీ మాతృభాషలుగా గల విద్యార్థి పరిస్థితి ఏమిటో మనం మరచిపోరాదు. దేశభాషలో ఉన్నత విద్య అన్న సిద్ధాంతం గొప్పదే. కాని ఎంచుకున్న భాష రాజ్యంలోని అధిక సంఖ్యాకుల మాతృభాష కాదు. పల్లె విద్యార్థికి ఇంగ్లీషు ఎంత పరాయిదో, గ్రాంథిక ఉర్దూ కూడా దాదాపు అంతే పరాయిది. పై తరగతులకు చేరేది ఆ భాషను చిన్ననాడే పట్టుకోగలిగిన కుటుంబాల పిల్లలే.

అదే కాలంలో కోస్తా జిల్లాల్లో పద్ధతి వేరు. మద్రాసు సంప్రదాయంలో ఇంటర్మీడియట్ తరువాత మూడేళ్ల ఆనర్సు చదివినవారు కొంతకాలానికి వేరే పరీక్ష లేకుండానే ఎం.ఎ. పట్టా పొందే వీలుండేది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ ఒరవడినే అందుకొంది. అక్కడ చరిత్ర, రాజనీతి బోధించిన మామిడిపూడి వెంకటరంగయ్యగారు తరువాత బొంబాయి విశ్వవిద్యాలయంలో రాజనీతి ఆచార్యులయ్యారు. ఉస్మానియాలో మాత్రం బి.ఎ. తరువాత ఎం.ఎ. వేరే చదువు, వేరే పరీక్ష. తెలుగువారికే ఒకే పట్టా రెండు విధాలుగా వచ్చేదన్నమాట.

పరీక్షకు కూర్చునే హక్కు చదువుపైనే ఆధారపడి ఉండదని 1938 చెప్పింది. ఆ సంవత్సరం ఉస్మానియా వసతిగృహాల్లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. ఆ ఉద్యమం జిల్లాల కళాశాలలకూ పాకింది. బహిష్కృతులలో చాలామందిని నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకొంది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావుగారు వారిలో ఒకరు. ఒక విశ్వవిద్యాలయం మూసిన తలుపును రాజ్యం ఎల్లలు దాటి మరొకటి తెరవడం మన విద్యాచరిత్రలో గుర్తుంచుకోదగిన ఘట్టం.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. ఆ వెనువెంటనే ఉస్మానియాలో బోధనాభాష ఉర్దూ నుండి ఇంగ్లీషుకు మారింది. ఉర్దూ కష్టపడి నేర్చుకున్న తెలుగు, కన్నడ విద్యార్థులు మళ్లీ మొదటి నుండి పదజాలం నేర్వవలసి వచ్చింది. ఉర్దూ మాతృభాషగా గలవారు చేతిలో ఉన్న వసతిని పోగొట్టుకొన్నారు.

ఇంతకన్నా పెద్ద మార్పు 1956లో వచ్చింది. 1955లో రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ సంఘం, తెలుగు జిల్లాలతోబాటు బీదరు జిల్లాను కూడా కలిపి హైదరాబాదు రాష్ట్రంగా కొనసాగించవచ్చునని సూచించిన సంగతి నేటి విద్యార్థులలో చాలామందికి తెలియదు. ఆ సూచన అమలు కాలేదు. 1956 నవంబరు 1న బీదరు జిల్లా మూడు ముక్కలయింది. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. అహమద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. మిగిలినది మైసూరు రాష్ట్రంలో చేరింది. మంగళగి ఈ మూడవ భాగంలోనిది. ఒక తాలూకాను రెవిన్యూ సర్కిళ్ల వారీగా విడదీశారంటే, పొలం గట్టుకు ఇటువైపు వారికీ అటువైపు వారికీ విశ్వవిద్యాలయాలు వేరయ్యాయని అర్థం.

ఈ విభజన ఫలితం పట్టా కోసం తిరిగేవారికి వెంటనే తెలిసివచ్చింది. బీదరు పట్టణం నుండి హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లు. కొత్త ఏర్పాటులో ఈ ప్రాంతపు కళాశాలలకు దిక్కయిన కర్ణాటక విశ్వవిద్యాలయం ధారవాడలో ఉంది. అది ఆ దూరానికి మూడు రెట్లకు పైనే. 1970లో గుల్బర్గాలో ఆ విశ్వవిద్యాలయం స్నాతకోత్తర కేంద్రం తెరిచాక, 1980లో అదే గుల్బర్గా విశ్వవిద్యాలయంగా రూపొందాక గాని దూరభారం తగ్గలేదు. అనంతరం బీదరు జిల్లాలోనే హాలహళ్ళిలో స్నాతకోత్తర కేంద్రం వచ్చింది. 2023లో బీదరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఎం.ఎ. తరగతి జిల్లాకు చేరడానికి 1956 నుండి లెక్కిస్తే దశాబ్దాలు పట్టింది.

దగ్గరలో ఉన్న హైదరాబాదుకే ఎందుకు వెళ్లరాదని ఎవరైనా అడగవచ్చు. వెళ్లినవారు ఉన్నారు. కాని 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయించబడ్డాయి. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండడం స్థానికతకు ముఖ్యమైన కొలత. జహీరాబాద్ విద్యార్థి ఉస్మానియాలో స్థానికుడయ్యాడు. 1956 వరకు అదే జిల్లాకు చెందిన మంగళగి విద్యార్థి స్థానికేతరుడై మిగిలిన 15 శాతంలో పోటీ పడవలసి వచ్చింది. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే మాట్లాడినా ఉత్తర్వు భాషను చూడలేదు, చదివిన చోటును చూసింది. ఆ ఉత్తర్వు వెనుక తెలంగాణ ప్రాంత విద్యార్థుల న్యాయమైన కోరిక ఉందన్నది నిజం. సరిహద్దుకు అవతలివారికి అది తలుపు మూసిందన్నదీ నిజమే.

ఇటువంటి రక్షణే ఆలస్యంగా ఇవతలి వైపూ వచ్చింది. రాజ్యాంగం 98వ సవరణ ద్వారా చేరిన 371-జె అధికరణం కింద 2013 నుండి హైదరాబాద్-కర్ణాటక జిల్లాల స్థానికులకు విద్యలోనూ ఉద్యోగాలలోనూ రిజర్వేషన్ లభించింది. 2019లో ఈ ప్రాంతానికి కళ్యాణ కర్ణాటక అని పేరు పెట్టారు. మాతృభాష తెలుగైనా బీదరు జిల్లా స్థానికుడైన విద్యార్థికి ఈ హక్కు వర్తిస్తుంది. స్థానికత ధ్రువపత్రాన్ని ముందుగానే తీసుకొనకపోతే అర్హత ఉండీ సీటు చేజారుతుంది. మన విద్యార్థులు దీన్ని గమనించాలి.

ఇక అర్హతల సంగతి. సాధారణంగా రాజనీతిశాస్త్ర ఎం.ఎ.కు మూడేళ్ల డిగ్రీ, అందులో రాజనీతి ఒక ఐచ్ఛికాంశం, నిర్ణీత కనీస మార్కులు అవసరం. కర్ణాటకలో 2021లో నాలుగేళ్ల డిగ్రీ విధానం మొదలై, 2024లో మళ్లీ మూడేళ్లకు మారింది. కాబట్టి ఆ నడుమ చేరినవారు తమ పట్టా ఏ విధానంలోనిదో దరఖాస్తుకు ముందే చూసుకోవాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు స్థానికత నియమం లేదు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం, 2009లో గుల్బర్గా సమీపాన ఏర్పడిన కర్ణాటక కేంద్రీయ విశ్వవిద్యాలయం ఈ కోవలోనివి. సరిహద్దు విద్యార్థికి ఇవి విలువైన అవకాశాలు.

పరీక్షలో అసలు చిక్కు భాష దగ్గర ఉంది. ఒకే శాస్త్రానికి ఉర్దూలో సియాసియాత్, కన్నడంలో రాజ్యశాస్త్ర, తెలుగులో రాజనీతిశాస్త్రం అని పేర్లు. మనం ప్రజాస్వామ్యం అనేదాన్ని కన్నడిగులు ప్రజాప్రభుత్వ అంటారు. తెలుగు విద్యార్థి ఆ మాటను ప్రజల ప్రభుత్వం అన్న మామూలు అర్థంలో తీసుకొని పొరపడవచ్చు. మన రాజ్యాంగం వారికి సంవిధాన. మన శాసన శాఖ, కార్యనిర్వాహక శాఖ, న్యాయశాఖ వారికి శాసకాంగ, కార్యాంగ, న్యాయాంగ. లిపులు దగ్గర, పదాలు దగ్గర, అయినా పరీక్షలో రాసే మాట ఒకటే కావాలి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాల వల్ల తెలుగులో పారిభాషిక పదాలు స్థిరపడ్డాయి. 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం, తెలుగులో ఇంటి వద్ద చదువుకునే దారి చూపింది.

అయితే ఎం.ఎ. పట్టాతో అధ్యాపకత్వం రాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1989 నుండి జాతీయ అర్హత పరీక్ష నిర్వహింపజేస్తోంది. ఎం.ఎ.లో 55 శాతం మార్కులు, రిజర్వుడు వర్గాలకు 50 శాతం, దానికి అర్హత. 2018 నుండి ఇందులో రెండు పత్రాలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. 2024 నుండి పిహెచ్.డి. ప్రవేశానికి కూడా దీనినే పరిగణిస్తున్నారు. రాజనీతిశాస్త్రంలో ఆ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలో మాత్రమే ఉంటుంది. ఎం.ఎ. అంతా తెలుగులోనో కన్నడంలోనో రాసిన విద్యార్థి చివరి మెట్టు దగ్గర మూడవ భాషను ఎదుర్కొంటాడు. 1918లో ఉర్దూ, 1948లో ఇంగ్లీషు తెచ్చిన సమస్య ఇక్కడ మరో రూపంలో నిలిచే ఉంది. హిందీ మాతృభాషగా గలవారికి ఉన్న వసతి మనవారికి లేదు. ఇది విద్యార్థి లోపం కాదు, ఏర్పాటులోని లోపం. దాన్ని సరిదిద్దమని అడగడం విద్యాసంస్థల బాధ్యత.

ఆ మార్పు వచ్చేవరకు విద్యార్థి చేయగలిగినది ఒకటుంది. ఎం.ఎ. మొదటి సంవత్సరం నుండే ప్రతి పారిభాషిక పదాన్నీ తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ పక్కపక్కన రాసుకుంటూ పోవాలి. ఇతరులకు ఇది భారంగా తోచవచ్చు. పుట్టుకతోనే మూడు భాషల మధ్య పెరిగిన బీదరు విద్యార్థికి మాత్రం అలవాటైన పనే. రాష్ట్రం, సరిహద్దు, పౌరసత్వం, భాష, ప్రాతినిధ్యం అనేవి రాజనీతి పాఠ్యగ్రంథాల్లో అధ్యాయాల పేర్లు. మంగళగి వంటి ఊళ్లలో అవి జీవితానుభవాలు. ఆ అనుభవాన్ని శాస్త్రంగా మార్చి రాయగల పరిశోధకులు ఈ సరిహద్దు గ్రామాల నుండే రావాలని, వారికి ఈ సంక్షిప్త చరిత్ర కొంతైనా తోడ్పడాలని మేము ఆశిస్తున్నాము.