కల్లుముంతయు, ఫ్రెంచివారి తెల్లసారాయు

భివండి పద్మనగరులో స్థిరపడిన మన పద్మశాలి కుటుంబములలో పెక్కు నల్లగొండ, కరీంనగరము, వరంగల్లు ప్రాంతములనుండి వచ్చినవే. మార్కండేయుని వెంట తెచ్చుకొనిరి, బతుకమ్మను తెచ్చుకొనిరి. తేలేకపోయినది కల్లు ఒక్కటే. ఉగాది సంచికలో కల్లు ప్రసక్తి యేమని పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. పోచమ్మకు సాక పోయుటకు పనికివచ్చిన వస్తువు చరిత్ర వ్రాయుటకు పనికిరాదా యని మేము సాహసించితిమి.

ఫ్రాన్సు దేశమున లువార్ నది సముద్రమున కలియు ప్రాంతమున నాంత్ అను పట్టణము కలదు. అచ్చటి సామాన్యులు భోజనముతో పుచ్చుకొను తెల్ల ద్రాక్షసారాకు మస్కడే అని పేరు. 1709 నాటి ఘోరమైన చలికి తోటలు మాడిపోగా, చలికి తాళు మెలోన్ అను ద్రాక్షను అక్కడ విరివిగా నాటిరి. దాని సారా నిమ్మపులుపు, పచ్చి ఆపిలు వాసన, చివర ఇంచుక ఉప్పదనము కలది. ఆల్చిప్పలతో, చేపలతో పుచ్చుకొందురు. పులుపు నీచును విరుచును. మన చేపల పులుసులో చింతపండు చేయు పనియే అది.

ఆ 1709లోనే మన తెలంగాణమున సర్వాయి పాపన్న మొగలాయి సేనలతో పోరాడుచుండెను. గీతకులమున పుట్టి, 1708లో వరంగల్లును కొల్లగొట్టి, 1710లో ప్రాణములు కోల్పోయెను. మొగలాయి చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆయనను దొంగగా వ్రాసెను. మన పల్లెలలో వీరునిగా పాడుకొనిరి. మేము పల్లెల పక్షమే.

ఇక రుచి సంగతి. గౌడు మోకు కట్టుకొని తెల్లవారుజామున చెట్టెక్కి దింపిన కల్లు తీపి. పైన తెల్లని నురుగు. మధ్యాహ్నమునకు పులుపును ఘాటును ఎక్కును. మరునాటికి అది కల్లు కాదు, పుల్లనీళ్లు. ఈతకల్లు తేలిక, చలికాలపు సరుకు. తాటికల్లు ఎండలు ముదిరిన కొలది జోరు. ఉదయపు తీపికల్లుకు పోపు పెట్టిన గుడాలు చాలును, శనగలైనను బొబ్బర్లైనను సరే. పుల్లకల్లుకు మాత్రము కారము కావలెను. బోటికూర, తలకాయకూర, వేచిన ఎండుచేప, ఏదైనను కారము నాలుకను మండింపగా పులుపు చల్లార్చును, కొవ్వును కడిగివేయును. నాంత్ వారి ఆల్చిప్ప న్యాయమే ఇది. ఏ పుస్తకమును చదువకయే మన తాతలు కనుగొనిరి.

అయినను దానికి మర్యాద, దీనికి అపకీర్తి యేల? మాకు తోచిన కారణము నిలువయే. ద్రాక్షసారా సీసాలో ఏండ్లతరబడి నిలుచును, ఓడ ఎక్కును. కల్లు ఒక్కదినపు సరుకు. పాడగు సరుకునకు ఎంత గౌరవము జరుగునో రైల్వే పార్సెళ్లు చూచు మాబోటివారికి తెలియును. నిలుచు సరుకునకు వర్తకుడు పుట్టును, పేరు పుట్టును. మస్కడే పేరు ఎవరు వాడవచ్చునో 1930ల రెండవ భాగమున ఫ్రెంచి ప్రభుత్వమే హద్దులు గీచినది. కల్లుకు దక్కినది ఆబ్కారీ ఒక్కటే. బొంబాయి ప్రాంతమున 1878లో ఆబ్కారీ చట్టము, 1949లో మద్యనిషేధ చట్టము వచ్చినవి. కుండకు సున్నము పూసి పులియనీయక దింపిన నీరాకు మాత్రము బొంబాయి లోకల్ స్టేషన్లలో చోటు దొరికినది.

తాజాకల్లులో మత్తు వందకు 4, 5 పాళ్లు, మస్కడేలో సుమారు 12, ఇచ్చటి దేశీ దారులో 40కి పైన. 12 గంటల పాళీ దిగి, కల్లు దొరకక దారు పట్టిన మగ్గపు కార్మికుల ఇండ్లను మనమెరుగుదుము. ఆ ఇండ్ల ఆడువారి గోడు వినినవారెవరును రెండును ఒక్కటే యని అనరు. అట్లని ఊరి కల్లంతయు అమృతమనుటకును వీలులేదు. క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రాజోలాం కలిపి అమ్మినవారు కలరు. 2015లో నిజామాబాదు ప్రాంతమున ఆ కలుపు కల్లు ఆగినంతనే, దానికి అలవాటుపడినవారు పిచ్చెత్తినట్లై ఆసుపత్రుల పాలైరి.

వేసవిలో ఊరికి పోవు సోదరులు దుకాణపు సీసాను ముట్టక, ఎరిగిన గౌడు చెట్టుక్రింద, కండ్లయెదుట దింపినదే పోయించుకొనుడు. గుడాలు ఇంటినుండి పట్టుకొని పోవుట మేలు.