ఘన హైడ్రోజన్ చలువలో పరారుణ దూరదర్శిని

కంటికి కనిపించే ఎరుపు కన్న పొడవైన తరంగాలు గల పరారుణ కాంతిని భూవాతావరణంలోని నీటి ఆవిరి చాలావరకు పీల్చేస్తుంది కనుక, 1980లలో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు మీటరు వ్యాసపు దర్పణమున్న దూరదర్శినిని హైదరాబాదు నుంచి బెలూన్లతో ఎత్తుకు పంపారు. అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి 1983లో ‘ఐరాస్’ దూరదర్శినిని కక్ష్యలోనే నిలిపాయి. అయితే వాతావరణాన్ని దాటినా చిక్కు తీరదు: మామూలు వేడిమిలో ఉన్న దర్పణమే పరారుణ కిరణాలను వెదజల్లి, తాను చూడవలసిన మసక వెలుగును ముంచేస్తుంది. అందుకే దాదాపు టన్ను బరువున్న ఐరాస్ ద్రవ హీలియంను వెంట తీసుకువెళ్ళి, అది అయిపోయేదాకా, అంటే పది నెలలపాటు, పనిచేసింది.

సుమారు 250 కిలోల ‘వైర్’ ఉపగ్రహానికి ఆ మార్గం అందుబాటులో లేదు. నక్షత్రాలు విరివిగా పుట్టే గెలాక్సీలను పరిశీలించడానికి నాసా చేపట్టిన ఈ పథకంలో దర్పణం వ్యాసం 30 సెంటీమీటర్లే. రూపకర్తల శ్రమంతా చలువ దగ్గరే కేంద్రీకృతమైంది. 12, 25 మైక్రాన్ల తరంగాలను మాత్రమే ఎంచుకోవడం వల్ల శోధకాలను, అనగా కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే ఫలకాలను, 7.5 కెల్విన్ (సున్నాకు దిగువన సుమారు 266 సెల్సియస్ డిగ్రీలు) లోపు ఉంచితే చాలు. ఆ మేరకు గడ్డకట్టిన హైడ్రోజన్ సరిపోతుంది. ఘనపదార్థం ద్రవం కాకుండా నేరుగా ఆవిరయ్యే ఉత్పతన క్రియలో కిలో హైడ్రోజన్ లాగుకునే వేడి, కిలో ద్రవ హీలియం ఆవిరవుతూ లాగుకునే దానికి ఇరవై రెట్లకు పైమాటే. బరువును ఇంత తెలివిగా ఆదా చేసిన నిర్ణయాలు ఆ కాలపు అంతరిక్ష పరికరాల్లో అరుదు.

1999 మార్చి 4న కాలిఫోర్నియా తీరం నుంచి వైర్ కక్ష్యకు చేరింది. దూరదర్శిని మూతను విడిపించే పేలుడు సాధనాల నియంత్రణ పెట్టెకు విద్యుత్తు అందగానే, అందులోని చిప్ స్థిమితపడక ముందే తప్పుడు సంకేతం వెలువడి, మూత వేళకు ముందే ఊడిపోయింది. లోపలికి చొరబడిన వేడికి హైడ్రోజన్ విపరీతంగా ఆవిరై, ఎగజిమ్మిన వాయువు ఉపగ్రహాన్ని గిరగిరా తిప్పేయగా, నాలుగు నెలలు నిలవవలసిన చలువ దాదాపు ఒకటిన్నర రోజులో హరించుకుపోయింది. దోషం చలువ విధానానిది కాదు, విద్యుత్ వలయానిది. ఈ భేదాన్ని విస్మరిస్తే ఆ రూపకర్తలకు అన్యాయం జరుగుతుంది. ఉపగ్రహపు దిశను సరిచూసే 52 మిల్లీమీటర్ల చిన్న దూరదర్శినితో ఆపై కొన్నేళ్ళు నక్షత్రాల కంపనాలను కొలిచారు.

వైర్ పరికరాన్ని తయారుచేసిన యూటాలోని స్పేస్ డైనమిక్స్ లేబొరేటరీయే తర్వాత 40 సెంటీమీటర్ల ‘వైజ్’ దూరదర్శినినీ రూపొందించింది. 2009 డిసెంబరులో ఎగిరిన వైజ్, ఆ ఘన హైడ్రోజన్ చలువలోనే, మరుసటి ఏడాది ఆకాశమంతటినీ చిత్రీకరించింది.