మన వస్తువుల చరిత్ర – 7: కుర్చీ వేయడం



మొన్న ఒక పెళ్లిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకటే బాధపడ్డాడు. "మా తాతగారి టేకు పడక కుర్చీకున్న హుందాతనం ఈ ప్లాస్టిక్ వాటికి ఎక్కడిదండీ! సంస్కృతి పోయింది" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన తాత ఆ కుర్చీలో వాలి ఉన్నప్పుడు మా తాత ఎక్కడున్నాడు? అరుగు కింద, తలగుడ్డ చంకలో పెట్టుకుని, నిలబడి.

మన దేశంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది శాస్త్రం రాసి పెట్టిన సంగతి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం, 281వ శ్లోకం చూడండి. పై కులం వాడితో ఒకే ఆసనం మీద కూర్చోబోయిన కింది కులం వాడికి నడుం మీద వాత పెట్టి వెళ్లగొట్టాలి, లేదంటే పిరుదు కోయించాలి అంటుంది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో కాల్చింది ఆ పుస్తకాన్నే. ఆయన బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చుని చదివాడు. బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టడు కనుక రోజూ ఇంటికి మోసుకుపోయి, పొద్దున్నే మళ్లీ తెచ్చుకునేవాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాశాడు.

టేకు మన ఇళ్లలోకి ఎందుకు రాలేదు? కూలి గింజలతో బతికే ఇంటికి ఆ ధర ఎప్పుడూ అందలేదు. 1878 అటవీ చట్టం, మద్రాసు రాష్ట్రంలో 1882 చట్టం వచ్చాక రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు కొడితే నేరం. ఇక మనకు మిగిలింది నులక మంచం. కామందు వాడలోకి వస్తే దాని మీద నుంచి కూడా లేవాల్సిందే.

ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీ సంగతికి వద్దాం. 1972లో ఫ్రాన్స్‌లో హెన్రీ మసోనే అనే ఆయన కుర్చీ మొత్తాన్ని ఒకే అచ్చులో, రెండు నిమిషాల లోపే పోసే పద్ధతి తెచ్చాడు. అతుకుల్లేవు, మేకుల్లేవు, వడ్రంగి పనీ లేదు. అందుకే అంత చవక. 1990లు వచ్చేసరికి అది మన పల్లెలకూ చేరింది.

మా అమ్మ డ్వాక్రా డబ్బుతో రెండు కుర్చీలు కొంది, ఎర్రవి. వాటిలో ఆమె కూర్చోగా నేను చూసింది తక్కువ. గోడకు ఆనించి, తుడిచి, ఎవరొస్తారా అని చూసేది. ఒకరోజు ఆసామి కూలి మాట్లాడటానికి వచ్చాడు. అమ్మ కుర్చీ వేసి "కూర్చోండి" అంది. "పర్లేదులే" అని ఆయన నిలబడే మాట్లాడి వెళ్లాడు. అప్పటిదాకా మన ఇంట్లో కూర్చోకపోవడానికి "కుర్చీ లేదు" అనే సాకు ఉండేది. ఆ రోజు సాకు పోయి, కులం బట్టబయలైంది. ఆయన పోయాక అమ్మ ఆ కుర్చీలో తనే కూర్చుంది.

చవక కుర్చీలో మనవాళ్లకు నచ్చింది ధర ఒక్కటే అనుకుంటే పొరపాటు. వచ్చిన మనిషికి కుర్చీ వేయగలగడం, ఆ మనిషి ఎదురుగా మనమూ కూర్చోగలగడం, అదీ నచ్చింది. పెళ్లిలో అందరికీ ఒకే ఎత్తు, ఒకే రంగు. పైన దొరకు, కింద పాలేరుకు అని దాన్ని అచ్చు పోయలేదు.

అలాగని కుర్చీ కులాన్ని పోగొట్టిందా? 2019లో ఉత్తరాఖండ్ టెహ్రీ జిల్లాలో, పెళ్లి విందులో అగ్రకులాల ముందు కుర్చీలో కూర్చుని తిన్నందుకు ఒక దళిత యువకుణ్ణి కొట్టి చంపారని కేసు నమోదైంది. 2020లో తమిళనాడు కడలూరు జిల్లాలో, దళిత మహిళా పంచాయతీ అధ్యక్షురాలిని సమావేశంలో నేల మీద కూర్చోబెట్టిన ఫొటో దేశమంతా చూసింది. అక్కడ కుర్చీలకేం కరువు లేదు. కుర్చీ ధర దిగింది, కులం దిగలేదు.

టేకు మీద నాకు పగ లేదు. ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి విరుగుతుందని, మట్టిలో కలవదని నాకూ తెలుసు. కానీ మనం నిలబడి ఉన్న కాలాన్ని "హుందాతనం" అని పిలిస్తే మాత్రం ఒప్పుకోను.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ ఆదివారం ఇంట్లో అడగండి: మన ఇంటికి మొదటి కుర్చీ ఎప్పుడొచ్చింది, ఎవరి కష్టంతో వచ్చింది, అందులో ఎవరు కూర్చోలేదు? విన్నది విన్నట్టు రాసి పెట్టుకోండి. మన చరిత్ర అక్కడే ఉంది.

వచ్చే వారం: టీ కొట్టులో రెండు గ్లాసులు.

జై భీమ్!