చేతిపని కళాశాల మెట్లెక్కిన కథ

మన సంఘ సభ్యుల ఇళ్లలో ఏ పది ఇళ్లు తీసుకున్నా, వెల్డింగు షెడ్డులోనో, మోటారు వైండింగు దుకాణంలోనో, ఇంటి వైరింగు పనిలోనో ఉన్న మనిషి ఒక్కడైనా కనిపిస్తాడు. పాఠశాలలో మేము హాజరు పిలిచేటప్పుడు ఎనిమిదో తరగతి దాటేసరికి కొన్ని పేర్లకు జవాబు రాదు. ఫలానావాడు ఏడిరా అంటే, "ఉస్తాదు దగ్గర కూర్చోబెట్టారు సాబ్" అంటారు తోటి పిల్లలు. ఆ మాటలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఉస్తాదు, షాగిర్దు అనే పద్ధతి మనకు తాతల నాటిది. టీ తెచ్చే పనితో మొదలుపెట్టి, పనిముట్లు అందించి, కళ్లు మంటలెత్తేదాకా చూసి చూసి పని నేర్చినవారే మన పెద్దలలో చాలామంది.

అయినా ఒక సంగతి మమ్మల్ని ఏళ్ల తరబడి వెంటాడుతోంది. మా దగ్గర ఎనిమిది చదివి మానేసిన కుర్రవాడొకడు పదేళ్లు వెల్డింగు పని చేశాడు. వాడు వేసిన అతుకు మీద స్లాగు కొట్టి చూస్తే నూలుపోగు పేర్చినట్టు ఉండేది. గల్ఫ్ ఉద్యోగానికని పట్నంలో పరీక్షకు వెళ్లాడు. రాడ్డు పట్టుకున్నంతసేపూ బాగానే సాగిందట. తరువాత ఒక డ్రాయింగు కాగితం చేతికిచ్చి, ఈ గుర్తుకు అర్థమేమిటి, ఈ కోణం ఎంత అని అడిగారు. ఆపైన సర్టిఫికెట్టు ఏదన్నారు. తిరిగి వచ్చి మా గుమ్మంలో నిలబడి, "చెయ్యి వచ్చు సాబ్, కాగితం రాదు" అన్నాడు. వాడికి అక్షరాలు నేర్పింది మేమే. డ్రాయింగు చదవడం నేర్పలేదు, అది మా సిలబస్సులో లేదు. చేతికీ కాగితానికీ మధ్య ఈ అగడ్త మన ఊళ్లోనే ఉందా, అంతటా ఉందా, దాటినవాళ్లు ఎట్లా దాటారు అని అప్పటినుంచి దొరికిందల్లా చదువుతూ వచ్చాము. అందులో కొంత ఇక్కడ సభ్యుల ముందు పెడుతున్నాము.

అమెరికా దేశంలో కమ్యూనిటీ కళాశాలలని ఉన్నాయి. ఊరి పిల్లలు ఇంటి నుంచే వెళ్లి తక్కువ ఫీజుతో రెండేళ్లు చదువుకునే చోట్లు అవి. ఒక గదిలో వెల్డింగు, పక్క గదిలో కరెంటు పని, పై అంతస్తులో వ్యాపార లెక్కలు, వాటి పక్కనే చరిత్ర, రసాయన శాస్త్రం. మొదట్లో అవి ఇట్లా లేవు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్ అనే ఊళ్లో, హైస్కూలుకు తోకగా, ఆరుగురు విద్యార్థులతో మొదటిది మొదలైంది. షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్, జోలియట్ హైస్కూలు సూపరింటెండెంటు స్టాన్లీ బ్రౌన్ కలిసి చేసిన ఏర్పాటు అది. డిగ్రీలో మొదటి రెండేళ్లు ఊళ్లోనే చదివించి పెద్ద విశ్వవిద్యాలయానికి పంపాలన్నది వారి ఆలోచన. రాడ్డు, హోల్డరు ఆ గడప తొక్కడానికి చాలా కాలం పట్టింది. 1917లో స్మిత్-హ్యూస్ చట్టం వచ్చి, వృత్తి విద్యకు కేంద్ర ప్రభుత్వం డబ్బు ఇవ్వసాగింది కాని, అది హైస్కూలు స్థాయి వరకే. తరువాత ఈ కళాశాలలలో టైపు, బుక్ కీపింగు, మెకానిక్కు పనులు చేరినప్పుడు వాటికి 'టెర్మినల్' కోర్సులని పేరు పెట్టారు. రైల్వే టెర్మినస్ అంటామే, అదే మాట. అక్కడితో బండి ఆగిపోతుందన్నమాట. పేరు పెట్టినవాళ్లకు అందులో అవమానం కనిపించలేదు కాబోలు.

ఈ అవమానం గురించి అంతకు ముందే నల్లజాతివారిలో గొప్ప వాదం నడిచింది. బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ 1881 నుంచి అలబామాలోని టస్కిగీ విద్యాలయాన్ని నడిపాడు. అక్కడి విద్యార్థులు తామే ఇటుకలు కాల్చి, తాము చదివే భవనాలు తామే కట్టుకున్నారు. ముందు పని నేర్చుకుందాము, గౌరవం తరువాత అదే వస్తుందని ఆయన వాదం. డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ 1903లో రాసిన గ్రంథంలో దీన్ని గట్టిగా ఎదిరించాడు. మా పిల్లలకు సుత్తి ఒక్కటే ఇచ్చి పుస్తకం మీరు ఉంచుకుంటే, మేము ఎప్పటికీ మీ కింద పనివాళ్లముగానే ఉంటామన్నది ఆయన బాధ. మేము ఉపాధ్యాయులము కనుక డుబాయిస్ పక్షమే అనుకుంటారేమో. సగమే. నెలాఖరుకు బియ్యం తేవలసిన ఇంట్లో వాషింగ్టన్ మాట కూడా నిజమే. కాని సుత్తి ఇచ్చే చోట పుస్తకానికి తలుపు మూసేస్తే మాత్రం డుబాయిస్ చెప్పిందే జరుగుతుంది.

తలుపు తెరిపించింది యుద్ధం. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికావారు లిబర్టీ ఓడలని సరుకు ఓడలు 2,710 కట్టారు. అంతవరకు ఓడ రేకులను రివెట్లతో బిగించేవారు. రివెట్టు పని నేర్పడానికి కాలం పడుతుంది, మనుషులు ఎక్కువ కావాలి. అందుచేత వెల్డింగుకు మారారు. రైతులు, దుకాణాల్లో పనిచేసినవారు, ఇళ్లలో ఉన్న ఆడవాళ్లు వేలాదిగా వచ్చి, కొద్ది వారాల శిక్షణతో నల్ల అద్దం ముఖానికి పెట్టుకున్నారు. వృత్తి పాఠశాలలు రాత్రి షిఫ్టులు కూడా నడిపాయి. 1942 నవంబరులో రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడను అయిదు రోజులు నిండకముందే కట్టి నీళ్లలోకి దింపారు.

అప్పుడు జరిగిన ఒక సంఘటన మన షెడ్డుల్లో పనిచేసేవారు తప్పక తెలుసుకోవలసినది. 1943 జనవరిలో పోర్ట్‌లాండ్ రేవులో, అలలు లేని నిశ్చలమైన నీటిలో, స్కెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ పెద్ద చప్పుడుతో నడుమున విరిగిపోయింది. తుపాను లేదు, బాంబు లేదు. మరికొన్ని ఓడలకూ ఇట్లాగే పగుళ్లు వచ్చాయి. మొదట నింద అంతా వెల్డర్ల మీదికే పోయింది. అతుకులలో లోపాలున్న మాట నిజమే. కాని కేంబ్రిడ్జిలో లోహాల పరిశోధన చేసే కాన్‌స్టన్స్ టిప్పర్ అనే ఆమె అసలు సంగతి తేల్చింది. ఆ ఉక్కు చలిలో గాజువలె పెళుసు బారుతోంది. రివెట్లు కొట్టిన ఓడలో పగులు ఒక రేకు అంచుకు వచ్చి ఆగవచ్చు. వెల్డింగు చేసిన ఓడ అంతా ఒకే ముక్క కాబట్టి పగులు ఆగకుండా పరుగెత్తుతుంది. అతుకు వేయడం వస్తే చాలదు, అతికేది ఏ లోహమో, దాని స్వభావమేమో తెలియాలి. ఇది ఉస్తాదు కొంత అనుభవంతో చెబుతాడు, మిగతా కొంత పుస్తకం చెబుతుంది.

యుద్ధం ముగిసే ముందు, 1944లో, ఇళ్లకు తిరిగివచ్చే సైనికుల చదువు కోసం అక్కడ ఒక చట్టం చేశారు, జి.ఐ. బిల్లు అంటారు. దాని కింద దాదాపు 22 లక్షలమంది కళాశాలలకు వెళ్లగా, 56 లక్షలమంది ఇతర వృత్తి శిక్షణలు పొందారు. దక్షిణ రాష్ట్రాల నల్లజాతి సైనికులను మాత్రం స్థానిక అధికారులు చాలాచోట్ల గడప దగ్గరే ఆపేశారు, అది వేరే కథ. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం, ఊరూరా కమ్యూనిటీ కళాశాలలు ఉండాలని, పనికి వెళ్లేవాడూ పై చదువుకు వెళ్లేవాడూ ఒకే చోట చదవాలని సిఫారసు చేసింది. అప్పటినుంచే ఆ పేరు నిలిచింది.

ఇక మన దేశం సంగతి. ఇక్కడి కథ కూడా యుద్ధంతోనే ముడిపడి ఉండడం మాకు చదివేటప్పుడు ఆశ్చర్యం కలిగించింది. యుద్ధకాలంలో మన పనివారిని కొందరిని బ్రిటనుకు పంపి శిక్షణ ఇప్పించారు. అక్కడి కార్మిక మంత్రి పేరు మీద వారిని బెవిన్ బాయ్స్ అన్నారు. 1945లో, ఇళ్లకు మరలిన సైనికులకు ఉపాధి, శిక్షణ చూడడానికి ఢిల్లీలో ఒక డైరెక్టరేటు పెట్టారు. రెండేళ్లలో దేశ విభజన వచ్చింది. కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకులకూ ఆ శిక్షణే ఆసరా అయింది. ఆ మీదట అందరికీ వర్తించేలా 1950లో క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీము మొదలైంది. సుమారు 50 సంస్థలతో మొదలైన ఆ స్కీము సంస్థలే మనం ఐ.టి.ఐ. లని పిలిచేవి. ఇవాళ దేశంలో పధ్నాలుగు వేలకు పైగా ఉన్నాయి. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చి, కార్ఖానాలలో షాగిర్దుకు కూడా కాగితం మీద స్థానం దొరికింది. కమ్యూనిటీ కళాశాల అన్న పేరుతో 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఒకటి ప్రారంభించింది. 2013లో యు.జి.సి. కూడా ఒక పథకం పెట్టింది కాని, మన ఊళ్లలో ఆ పేరు తెలిసినవారు తక్కువ.

ఉర్దూ చెప్పేవాళ్లము గనుక ఒక్క మాట. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరగతులు ఉర్దూలో మొదలయ్యేనాటికే, శాస్త్ర గ్రంథాలు అనువదించడానికి దారుల్ తర్జుమా ఏర్పడి ఉంది. కరెంటుకు బర్కీ రౌ, రెసిస్టెన్సుకు ముజాహిమత్ అని చక్కటి మాటలున్నాయి. అవి పుస్తకాలలో ఉండిపోయాయి. షెడ్డులో మనవాడు 'రెసిస్టెన్సు' అనే అంటాడు. మాటకు కరువు లేదు, మాట తెలిసినవాడూ రాడ్డు పట్టినవాడూ ఒక గదిలో కూర్చోలేదు, అంతే. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తరువాతి కాలంలో హైదరాబాదులో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్కు కూడా తెరిచింది. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలకు ఆ తలుపు ఉన్నదని ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసో!

సభ్యులు అడిగే ప్రశ్నలకు వచ్చేద్దాము. ఐ.టి.ఐ.లో వెల్డరు కోర్సు ఒక ఏడాది, ఎనిమిది పాసైతే చాలు. ఎలక్ట్రీషియను రెండేళ్లు, దానికి పది పాసు కావాలి. ఐ.టి.ఐ. టెర్మినస్ అనుకోనక్కరలేదు. షరతులకు లోబడి పాలిటెక్నిక్కు రెండో సంవత్సరంలో చేరవచ్చు, డిప్లొమా తరువాత ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు. లెక్కల సంగతి కూడా మరువకూడదు. గేటుకు కిలో ఇంత అని ధర చెప్పే మన షెడ్డు యజమానికి కరెంటు బిల్లు, రాడ్లు, గ్రైండింగు చక్రాలు, 2017 నుంచి జి.ఎస్.టి., ఇవన్నీ పోగా మిగిలేదెంతో చెప్పేవారు లేరు. వెల్డింగు పక్క గదిలో వ్యాపార లెక్కలు పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు.

ఇంతకూ మా కుర్రవాడు. ఇప్పుడు వాడిదే సొంత షెడ్డు, ఇద్దరు షాగిర్దులున్నారు. గల్ఫ్ మాట మళ్లీ ఎత్తలేదు. వాడి అన్నకొడుకు మా దగ్గరే పది పాసై ఎలక్ట్రీషియను ట్రేడులో చేరాడు. ఆదివారం షెడ్డుకు వస్తాడు. కాంట్రాక్టరు పంపిన డ్రాయింగు బల్ల మీద పరచి చదివి చెబుతూంటే, చిన్నాన్న అద్దం పైకెత్తి వింటూంటాడు.