మగ్గం లేని సాలెలు

పెదవేగి పేరు వింటే చరిత్ర చదివినవాళ్ళకు శాలంకాయనులు గుర్తొస్తారు. మాటల వెంట పడేవాళ్ళకు మాత్రం ఆ పేరు మొదట్లోనే కాలు తగులుకుంటుంది: శాల, సాలె, సాలీడు. వేంగి రాజులకూ గోడమీది పురుగుకూ చుట్టరికం కలపాలనిపిస్తుంది. కలపకూడదు. శాలంకాయన అన్నది గోత్రనామం. వాళ్ళ రాగిశాసనాల ముద్రమీద ఉన్నది ఎద్దు. సాలీడు వంశవృక్షం కోసం పెదవేగి దిబ్బలు తవ్వనక్కర్లేదు, పల్లానికి దిగి కొల్లేటి వైపు వరిచేలల్లోకి వెళ్తే చాలు. అక్కడికి చేరేలోపు నిఘంటువులో కొంచెం నడక ఉంది.

సాలె అంటే నేతపనివాళ్ళు. కన్నడంలో సాలిగ, తమిళంలో సాలియర్. దానికి మన ‘డు’ చేరి సాలీడయింది. అంటే మనం ఆ జీవికి పురుగు పేరు పెట్టలేదు, మనిషి పేరు పెట్టాం. ఈ పని ఒక్క తెలుగే చేయలేదు. కన్నడంలో జేడ అంటే సాలీడే, నేతవాడూ అదే మాట. వచనకవి జేడర దాసిమయ్య మగ్గం మీద బతికినవాడు. మన దగ్గర జాండ్ర అనే నేత కులముంది. అమరకోశం సాలీడుకు లూత, తంతువాయం, ఊర్ణనాభం, మర్కటకం అని నాలుగు పేర్లిచ్చింది. వాటిలో తంతువాయం మళ్ళీ నేతగాడే.

ఈ పోలికలో నిజం లేకపోలేదు. నేతలో ముందు పడుగు, తర్వాత పేక. తోటలో చెట్టుకీ చెట్టుకీ మధ్య గుండ్రటి గూడు కట్టే సాలీడు కూడా ముందు నడిమి నుంచి అంచులకు పొడి దారాలు లాగుతుంది. తర్వాత ఒక తాత్కాలికపు చుట్టు వేసుకుని, దానిమీద నడుస్తూ బయటి నుంచి లోపలికి జిగురుదారం చుడుతుంది. పాత చుట్టును తీసేస్తూ వస్తుంది. పని తీరిన గూటిని చాలా రకాలు తినేసి, ఆ సరుకుతోనే మళ్ళీ దారం తీస్తాయి. దారాన్ని వెలువరించి తనలోకే తీసుకునే జీవిగా ముండకోపనిషత్తు సాలీడును సృష్టికి పోలిక చెప్పింది. ఆ మాట అన్నవాళ్ళెవరో గూటి ముందు ఓపిగ్గా కూర్చున్నవాళ్ళే అయుండాలి.

ఊర్ణనాభమంటే బొడ్డులో ఉన్ని గలది. దారం నిజానికి వచ్చేది బొడ్డు నుంచి కాదు, పొట్ట చివరనున్న చిన్న తిత్తుల నుంచి. అయినా ఉన్ని తివాచీలకు పేరుపడ్డ ఏలూరు పక్కన నిలబడి చదివితే ఈ మాట బాగుంటుంది. పారశీకం నుంచి వచ్చిన పనివాళ్ళు ఏలూరికి తివాచీ నేత తెచ్చారని చెబుతారు. సాలీడు ఉన్నిని ఎక్కడినుంచీ తెచ్చుకోదు.

‘డు’ దగ్గర మాత్రం పేచీ ఉంది. ప్రత్యయం మగవాడిది, క్రియ మాత్రం అమహత్తు. సాలీడు గూడు కట్టింది అంటాం గాని కట్టాడు అనం. పోనీ ఆ కట్టేది మగదా అంటే, తోటల్లో మనం ఆగి చూసే పెద్ద గూళ్ళు దాదాపు అన్నీ ఆడవాటివే. మగది ఎదిగాక సాధారణంగా గూడు మానేసి, ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతుంది. లూతను స్త్రీలింగంలో పెట్టిన సంస్కృతానిదే ఇక్కడ పైచేయి.

తెలుగుకు ఇంకో పాత పేరుంది: చెలది. తమిళంలో చిలంది, మలయాళంలో చిలంతి ఇప్పటికీ నోటిమీదున్న మాటలు. వాటి తోబుట్టువు మన దగ్గర పద్యాల్లోకీ నిఘంటువుల్లోకీ వెళ్ళి తలుపేసుకుంది. ఇక శ్రీకాళహస్తి స్థలపురాణంలో పాముకూ ఏనుగుకూ మామూలు పేర్లే దక్కితే సాలీడుకు ఏకంగా ‘శ్రీ’ అన్న పేరొచ్చింది. ఆ కథ దాటి బయటికొస్తే ఆ అర్థం ఎవరికీ పట్టదు. ఇంట్లో అయితే మిగిలేది బూజే. సాలీడు వదిలిపోయిన దారానికీ, పచ్చడిమీద పట్టే తెల్లటి పొరకూ ఒకే మాట! పండగ ముందు బూజుకర్ర పట్టినవాళ్ళకు శ్రీ ఎవరో, లూత ఎవరో అనవసరం.

వృత్తిపేరు పెట్టడంలో ఒక చిక్కుంది. ఆ వృత్తి చేయనివాళ్ళు కంటికి ఆనరు. సాలీళ్ళన్నీ దారం తీస్తాయి గాని, గూడు కట్టి వేటాడేవి అన్నీ కావు. మన గోడమీద ఈగమీదికి ఎగిరి దూకేదానికి మగ్గం లేదు. వరిచేలో నీటిమీద పరుగెత్తే పార్డోసా సూడోయాన్యులేటాకూ లేదు. మన వ్యవసాయ పుస్తకాల్లో దాని పాత పేరు లైకోసా. అది దుబ్బుల మొదళ్ళలో తిరుగుతుంది, కనబడినదాన్ని పట్టుకుంటుంది. ఆడది గుడ్లసంచిని పొట్ట చివర తగిలించుకుని తిరిగి, పిల్లలయ్యాక వాటిని వీపునెక్కించుకుంటుంది. దారంలో కొంత ఆ సంచికి ఖర్చు. దీనికి ఎర వరి చీడ అయిన సుడిదోమ. దోమపోటు అంటే డెల్టా రైతు గుండె ఝల్లుమంటుంది, చేను చాపలు చాపలుగా ఎండిపోతుంది కనక.

ఇక్కడ మాట లేకపోవడం ఖరీదైన సంగతి. దోమకు మందు కొడితే దోమతోపాటు సాలీడూ పోతుంది. దోమ గుడ్లు మాత్రం వరి తొడిమల్లో భద్రంగా ఉంటాయి, వారం పది రోజుల్లో పొదిగితే తినేవాళ్ళుండరు. ఫిలిప్పీన్స్ పొలాల్లో ఈ తిరగబెట్టడం ఎలా జరుగుతుందో పీటర్ కెన్మోర్, ఆయన సహచరులు 1984లో ప్రచురించారు. 1986లో ఇండొనేషియా వరిమీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. ఒక దేశాధ్యక్షుడి ఉత్తర్వు వెనక పనిచేసిన కారణాల్లో ఎనిమిది కాళ్ళ ఈ జీవి ఒకటి.

మన వైపు సాలీడుమీద ఒక అపనింద కూడా ఉంది. ఒంటిమీద చారగా పొక్కులొస్తే సాలిపురుగు పాకింది అంటారు. సంస్కృతంలో లూత ఒక చర్మరోగం పేరు కూడా, తమిళ చిలందికి పుండన్న అర్థముంది. పాత అనుమానమే. దీపాలకు ఎగిరొచ్చే పెడరస్ అనే సన్నటి పురుగు ఒంటిమీద నలిగితే ఇలాంటి చారలే లేస్తాయి. అదీ వరిచేల నివాసే, అదీ చీడపురుగుల్ని తినేదే!

అక్షింతల పురుగుకు ఎంత ముచ్చటైన పేరు కుదిరిందో చూడండి. తూనీగకూ సొంత పేరుంది. మిత్రపురుగుల చిత్రపటంలో వాటి పక్కనే ఉండే ఈ పార్డోసాను సాలీడు అనే రాస్తాం, నేయకపోయినా. నాకు మాత్రం చెలదిని దీనికిచ్చేయాలనిపిస్తుంది. ఎవరూ వాడని మాట, ఎవరూ పిలవని జీవి. సుడిదోమ కోసం రెండు మీటర్లకొకటి చొప్పున 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయమని చెబుతారు గదా, ఆ బాటలో వంగి దుబ్బు వంచి తట్టి దోమల్ని లెక్కపెట్టేటప్పుడు చెలదుల్ని కూడా లెక్కపెట్టాలి. మందు కొట్టాలా వద్దా అన్నది ఆ రెండు అంకెలూ చూశాక తేల్చుకోవాల్సిన సంగతి.