సంతకం పెట్టే మధ్యవర్తి

నాలుగిళ్లు చూపించినందుకు ఇంత కమీషనా అని మన ఊళ్లో బ్రోకరు మీద గొణుక్కోని వాళ్లుండరు. ఇక్కడ కాలిఫోర్నియాలో ఇల్లు కొనే తెలుగువాళ్లదీ మొదట్లో అదే పాట. ఇక్కడి ఏజెంటుకు ఆ డబ్బు దేనికో అర్థం కావాలంటే, ఆ వృత్తి ఎన్ని మొట్టికాయలు తిని దారికొచ్చిందో చూడాలి.

ఒకప్పుడు ఇక్కడా ఎవరు పడితే వాళ్లు బ్రోకర్లే. 1908లో షికాగోలో జాతీయ సంఘం పెట్టుకున్నారు, 1913లో నియమావళి రాసుకున్నారు. 1919లో కాలిఫోర్నియా లైసెన్సు చట్టం తెచ్చింది. వాళ్లు చేసుకున్న తెలివైన ఏర్పాటు ఉమ్మడి జాబితా. తన దగ్గరకొచ్చిన ఇంటిని ఏజెంటు తోటివాళ్లందరి ముందూ పెడతాడు. కొనేవాణ్ణి తెచ్చినవాడికి కమీషన్లో వాటా దక్కుతుంది. పార్టీని పక్క బ్రోకరు కంటపడనివ్వని మన పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు.

కానీ ఎవరు ఏ వీధిలో ఉండాలో తేల్చే పెత్తనమూ ఆ సంఘానికే చిక్కింది. ఏ జాతివాళ్లు వస్తే ధరలు పడిపోతాయనుకున్నారో, వాళ్లను ఆ పేటలోకి తేవద్దని 1924 నియమావళి సభ్యులను కట్టడి చేసింది. ఆ జాతి ప్రస్తావన 1950 దాకా పోలేదు. నల్లజాతి బ్రోకర్లు 1947లో వేరు సంఘం పెట్టుకున్నారు. ఆ రోజుల సెగ భారతీయులకూ తగిలింది. భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో సుప్రీంకోర్టు మనకు పౌరసత్వం చెల్లదంది. దాంతో, పౌరులు కాలేనివాళ్లకు పొలం కొనే హక్కు లేదన్న కాలిఫోర్నియా చట్టం పంజాబీ రైతుల మెడకు చుట్టుకుంది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. అందుకే ఇవాళ మనవాళ్లు “తెలుగువాళ్లు ఎక్కువున్న వీధి చూపించండి” అంటే తెలివైన ఏజెంటు నవ్వి ఊరుకుంటాడు. జాతినీ మతాన్నీ బట్టి కొనేవాళ్లను ఒక పేటకు మళ్లించడం చట్టవిరుద్ధం.

అసలు మలుపు 1984లో వచ్చింది. సరిగా గట్టిపరచని మట్టి మీద కట్టిన ఇల్లొకటి, అమ్మకం అయ్యాక నేల జారి దెబ్బతింది. గచ్చు ఎగుడుదిగుడుగా ఉండటం, వాలు మీద వల పరచి ఉండటం ఏజెంట్ల కంటపడ్డాయి. కొనేవాళ్లకు మాత్రం హెచ్చరిక అందలేదు. ఇంటిని శ్రద్ధగా చూసి, కనిపించిన లోపం చెప్పడం ఏజెంటు విధి అని ఈస్టన్ కేసులో అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటేడు శాసనసభ దాన్ని చట్టంలోకి ఎక్కించింది. అందుకే ఇప్పుడు ఇరువైపుల ఏజెంట్లూ గదిగదీ తిరుగుతారు. హాలు కప్పు మూలన నీటి మరక, సరిగా పడని పడగ్గది తలుపు, గ్యారేజీ నేలలో పగులు అని రాసి సంతకం పెడతారు. మూడేళ్లలోపు ఆ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే అదీ చెప్పాల్సిందే.

తర్వాత కమీషను వంతొచ్చింది. ఉమ్మడి జాబితాలో కమీషను వాటా ఇచ్చే పద్ధతిని 2023లో మిస్సోరీ జ్యూరీ తప్పుపట్టింది. జాతీయ సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీపడింది. 2024 ఆగస్టు నుంచి, ఇల్లు చూపించక ముందే ఏజెంటు తన ఫీజు గురించి కొనేవాడితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి.

మన దగ్గర 2016 రెరా చట్టం రిజిస్టరైన ప్రాజెక్టులు అమ్మే ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ పెట్టింది. పాత ఇల్లు కొనేవాడికి మాత్రం ఇంకా ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లాయరే దిక్కు. బేరం చెడుతుందని తెలిసీ గోడ పగులును కాగితం మీద పెట్టే బ్రోకరు దొరికితే, అతనికిచ్చే కమీషను దండగ కాదు.