ప్రత్యేక విద్య విశ్వవిద్యాలయమునకు వచ్చిన త్రోవ

వైద్యుడు కాదలచినవాడు ఏమి చదవవలెనో లోకమునకు తెలియును. న్యాయవాది కాదలచినవాడు ఏమి చదవవలెనో అదియును తెలియును. కాని కన్ను కానని పిల్లవానికి, చెవి వినరాని పిల్లకు, బుద్ధివికాసము మెల్లగా సాగు బిడ్డకు చదువు చెప్పదలచినవాడు ఏమి చదవవలెను, ఎక్కడ చదవవలెను? ఈ ప్రశ్నను విశ్వవిద్యాలయములు చాల కాలము తమ ప్రశ్నగా భావించలేదు. నేడు మన దేశమున ప్రత్యేక విద్యలో బి.ఇడి., ఎం.ఇడి. పట్టములున్నవి. సహిత విద్య అను మాట మన బడిపంతుళ్ళకు పరిచితమే. ఈ శాస్త్రము విశ్వవిద్యాలయపు గడప దాటుటకు నూరేళ్ళ వరకు పట్టినది. దాటునప్పుడు తనతోపాటు ఒక అడ్డుగోడను కూడ వెంటబెట్టుకొని వచ్చినది. పిల్లలను వేరు చేసిన ఆ గోడయే ఉపాధ్యాయులను కూడ వేరు చేసినది.

ఈ కథ సాధారణముగా ఒక అడవి బాలునితో మొదలగును. దక్షిణ ఫ్రాన్సు అడవులలో ఒంటరిగా తిరుగుచుండిన పదకొండు, పన్నెండేండ్ల బాలుడు ఒకడు 1800వ సంవత్సరమున మనుష్యుల మధ్యకు వచ్చినాడు. వానికి మాట లేదు. వానిని పారిసు నగరమునకు తెచ్చి పండితులకు చూపించినారు. మానసిక వైద్యమున నాటికి పెద్ద దిక్కయిన ఫిలిప్ పినెల్ పరీక్షించి, వీడు పుట్టుకతోనే బుద్ధిహీనుడు, బాగుపడు ఆశ లేదని తేల్చినాడు. అక్కడి బధిరుల విద్యాలయములో వైద్యుడుగానున్న ఇటార్ అను యువకుడు మాత్రము ఆ తీర్పును ఒప్పుకొనలేదు. వానికి లేనిది బుద్ధి కాదు, మానవ సాంగత్యము అని వాదించి, విక్టర్ అని పేరు పెట్టి, అయిదేండ్లపాటు చదువు చెప్పినాడు. 1801లోను, 1806లోను తాను చేసిన పనిని నివేదికలుగా వ్రాసినాడు. ప్రత్యేక విద్యకు మూలగ్రంథములు వెదకువారు నేటికిని ఆ రెండు నివేదికల వద్దకే పోవుదురు.

వాటిలో సిద్ధాంతముల కన్న చిన్న సంగతులే మనస్సునకు పట్టును. పాలు అను మాటను ఫ్రెంచి భాషలో వ్రాయుటకు నాలుగక్షరములు కావలెను. బల్లపై అక్షరపు బిళ్ళలను వరుసగా పేర్చుట ఇటార్ నేర్పినాడు. కొన్నాళ్ళకు, తనకు రోజూ పాలు పోయు ఇంటికి పోవునప్పుడు విక్టర్ ఆ నాలుగు బిళ్ళలను తనంతట తానే జేబులో వేసుకొని పోయి, అక్కడి బల్లమీద పేర్చి చూపినాడు. ఇంకొక సంగతి. విక్టర్‌ను సాకిన గెరాఁ అను ఇల్లాలి భర్త మరణించినాడు. భోజనపు బల్లపై కంచములు సర్దుట విక్టర్ పని. వాడు అలవాటు చొప్పున చనిపోయినవానికి కూడ కంచము పెట్టినాడు. అది చూచి ఆమె దుఃఖించినది. తన చేతలవలననే ఆమెకు బాధ కలిగినదని గ్రహించి వాడు దానిని తీసి బీరువాలో పెట్టివేసినాడు; మరి ఎన్నడును ఆ చోట కంచము పెట్టలేదు. బాగుపడు ఆశ లేదన్న తీర్పునకు ఇంతకన్న వేరు జవాబేమి కావలెను?

అయినను విక్టర్‌కు మాట రాలేదు. తాను ఓడిపోయితినని ఇటార్ నిరాశ చెందినాడు. ఆ నివేదికలను చదువు మనము మరియొకటి గమనింపవచ్చును. పాఠములు నిలిచిపోయిన తరువాత కూడ విక్టర్ 1828లో మరణించునంతవరకు వానిని చూచుకొన్నది ఆ గెరాఁ ఇల్లాలే. ఆమెకు పట్టము లేదు; ఆమె నివేదిక వ్రాయలేదు. ఆ చరిత్రలో ఆమె మాట ఒక్కటి కూడ ఆమె నోటివెంట మనకు వినబడదు.

ఇటార్ చివరి రోజులలో ఆయన వద్ద పని నేర్చినవాడు ఎడ్వార్ సెగాఁ. కాలు, చేయి, కన్ను, చెవి మొదట మేల్కొనవలెను, ఆలోచన వాటి వెంట వచ్చునని ఆయన నమ్మకము. నిచ్చెనలు, మెట్లు, రంధ్రములలో అమర్చు చెక్క ఆకృతులు ఆయన పరికరములు. 1846లో ఈ పద్ధతినంతయు గ్రంథముగా వెలువరించి, 1848 విప్లవానంతరము అమెరికా చేరినాడు. అక్కడ వెలసిన ఆశ్రయములకు ఆయన మార్గదర్శి అయినాడు. కాని ఆశ్రయములన్నియు వైద్యుల ఏలుబడిలో ఉండెడివి. బోధనాశాస్త్రము ఆస్పత్రి గోడల మధ్య పెరుగుచుండెను. ఉపాధ్యాయులను తయారుచేయు కళాశాలలకు దాని జాడయే తెలియదు.

ఆ జాడను తెలియజేసినది ఇటలీ వైద్యురాలు మరియా మాంటిసోరీ. 1896లో రోము విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, మానసిక చికిత్సాలయములో పనిచేయుచు ఆమె ఇటువంటి బిడ్డలను చూచినది. ఇటార్, సెగాఁల గ్రంథములను ఇటలీ భాషలోనికి మార్చి, మొదటినుండి చివరివరకు తన చేతితో వ్రాసికొన్నది. 1900లో రోములో ఇట్టి పిల్లల ఉపాధ్యాయులకొరకే ఒక శిక్షణాలయము తెరచినప్పుడు దానిని నడిపినది. తన పిల్లలు మామూలు పిల్లలతో సమముగా పరీక్షలు ఇచ్చుట చూచి లోకము ఆశ్చర్యపడుచుండగా, ఆమెకు వేరొక ఆశ్చర్యము కలిగినది: మామూలు పిల్లలను ఇంత వెనుక ఉంచుచున్నది ఏది? 1907లో ఆమె తెరచిన బాలల గృహము ఆ ప్రశ్ననుండి పుట్టినదే. 1939లో ఆమె మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే నిలిచి, ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. కోస్తా జిల్లాలు, రాయలసీమ నాడు మద్రాసు రాష్ట్రములోనివే. నేడు మన పట్టణములలో ఖరీదైన మాంటిసోరీ బడులలో పిల్లలు అమర్చుచున్న చెక్కబిళ్ళలకు వంశవృక్షము వెదకినచో, బాగుపడరని వదలివేసిన పిల్లల వద్దకే చేరుదుము. ఆ బడులలో ఎన్ని నేడు అట్టి పిల్లలను చేర్చుకొనుచున్నవో తల్లిదండ్రులు అడిగి తెలిసికొనవచ్చును.

విశ్వవిద్యాలయమున ఈ విద్యకు తలుపు తీసిన సంఘటన మిక్కిలి చిన్నది. 1896 మార్చిలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు లైట్నర్ విట్మర్ వద్దకు ఒక బడిపంతులమ్మ పద్నాలుగేండ్ల బాలుని సంగతి తెచ్చినది. వానికి ఇతర విషయములలో తెలివి ఉన్నది; వర్ణక్రమము మాత్రము ఎంత చెప్పినను పట్టుబడదు. ఆమె ఆచార్యుని తరగతిలో మనస్తత్వశాస్త్రము వినుచున్న విద్యార్థిని. మనస్సును గూర్చిన శాస్త్రము నిజమైనచో ఈ పిల్లవానికి ఉపకరింపవలదా అన్నది ఆమె భావము. విట్మర్ పరీక్షింపగా మొదట బయటపడినది దృష్టిలోపము. కళ్ళద్దములు పెట్టించి, ఆపై చదువు నేర్పించినారు. ఆ ఏడాదియే అక్కడ చికిత్సాలయము వెలసినది; మరుసటి వేసవినుండి పాఠములు మొదలైనవి. మామూలు బడిలోని మామూలు ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్నతో ఈ శాస్త్రము విశ్వవిద్యాలయములో పాదము మోపినది. కాని తరువాతి కాలము ఆ ఉపాధ్యాయినిని మరచినది. బినే 1905లో ప్రకటించిన బుద్ధిమాపకము వంటి సాధనములతో పిల్లలను ఏరి, పేరు పెట్టి, వేరు తరగతికి పంపు నేర్పు పెరిగినది. ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క బడి, ఒక్కొక్క బడికి ఒక్కొక్క శిక్షణ. ఇంగ్లండులో 1945 నిబంధనలు ఇట్టి పిల్లలను పదకొండు తెగలుగా విభజించినవి. ఆ పదకొండింటిలో కూడ చేరక, చదువునకే తగరని ముద్రపడి ఆరోగ్యశాఖకు అప్పగింపబడినవారికి బడి హక్కు 1970 చట్టముతో గాని రాలేదు.

ఈ గోడ ఎంత దూరము పోగలదో బధిర విద్యాచరిత్ర చెప్పును. 1880లో మిలాన్ నగరమున బధిరోపాధ్యాయుల అంతర్జాతీయ మహాసభ జరిగినది. బధిరులకు సంజ్ఞాభాష కాక నోటిమాటయే నేర్పవలెనని అక్కడ తీర్మానించినారు. ఓటు వేసినవారు సుమారు నూట అరువదిమంది. వారిలో బధిరుడు ఒక్కడు. వాషింగ్టనులో బధిరుల ఉన్నతవిద్యకై లింకన్ ఆమోదముతో 1864లో కళాశాల వెలసియుండెను. గాలడెట్ అని మనము విను విద్యాలయము అదియే. 1891లో అందులో ఉపాధ్యాయ శిక్షణశాఖ తెరచినారు. టెలిఫోను ఆవిష్కర్తగా మనమెరిగిన అలెగ్జాండర్ గ్రాహాం బెల్ దానిని ఎదిరించినాడు. బధిరులే బధిరులకు ఉపాధ్యాయులగుదురన్నది ఆయన భయము. ఆయన తల్లి, భార్య ఇరువురును బధిరులే అన్నది గమనింపదగినది. శిక్షణశాఖ నిలిచినది గాని, వినగలవారిని మాత్రమే చేర్చుకొన్నది. బధిరుల కళాశాలలోనే, బధిరులకు బోధించు విద్య నేర్చుకొను తరగతిలో, బధిరునికి చాల కాలము చోటు లేకపోయినది!

ఇంగ్లండులో మాంచెస్టరు విశ్వవిద్యాలయము 1919లో బధిర విద్యకు ఉపన్యాసక పదవి ఏర్పరచి ఐరీన్ గోల్డ్‌సాక్‌ను నియమించినది. అనంతరము ఆమెయు, ఆమె భర్త యూయింగ్‌యు కలిసి వినికిడి పరీక్షలను, పసితనముననే చెవిలోపము కనిపెట్టు పద్ధతులను తీర్చిదిద్దినారు. అది గొప్ప సేవ, కాదనరాదు. కాని అక్కడ కూడ సంజ్ఞాభాషకు తావు లేకపోయినది. విశ్వవిద్యాలయపు ముద్ర పడుటవలన మిలాన్ తీర్మానమునకు శాస్త్రగౌరవము కూడ తోడైనది. బడిలో పిల్లలు చేతులతో మాటాడుకొన్నందుకు దండన పొందిన తరములు గడచిపోయినవి. ఆ తీర్మానము తప్పని ఆ మహాసభల పరంపరయే అంగీకరించుటకు 2010 వరకు, వాంకూవరు సమావేశము వరకు వేచియుండవలసి వచ్చినది.

గోడను కదలించిన గ్రంథము 1978లో ఇంగ్లండున వెలువడిన వార్నక్ సంఘ నివేదిక. అధ్యక్షురాలు మేరీ వార్నక్ తత్త్వశాస్త్ర పండితురాలు. పిల్లవాని లోపమునకు పేరు పెట్టుట కాదు, వానికి ఏమి కావలెనో అడుగుడని ఆ నివేదిక సారము. అయిదుగురు పిల్లలలో ఒకరికి చదువుకొను కాలములో ఎప్పుడో ఒకప్పుడు ప్రత్యేకమైన సాయము అవసరమగునని వారు అంచనా వేసినారు. ఆ లెక్కను ఒప్పుకొన్నచో, అయిదవ వంతు పిల్లలను వేరు బడులకు పంపుట ఎవరి తరము? కనుక ప్రతి ఉపాధ్యాయుని శిక్షణలోను ఈ విషయము ఉండవలెనని సంఘము సిఫారసు చేసినది. నా దృష్టిలో ఆ నివేదికలో అన్నిటికన్న బరువైన వాక్యము అదియే. అమలులో అన్నిటికన్న తేలికగా పోయినదియు అదియే. వార్నక్ 2005లో మరల కలము పట్టి, సాయము లేకుండ మామూలు తరగతిలో కూర్చుండబెట్టుటయే కలుపుకొనుట కాదని, కొందరికి చిన్న ప్రత్యేక బడులే మేలని వ్రాసి తన అభిమానులను కలతపెట్టినది. 1994లో స్పెయిను దేశపు సలమాంకాలో తొంబదిరెండు ప్రభుత్వములు అందరికి ఒకే బడి అని ప్రకటించిన తరువాతి మాట అది. వాదము నేటికిని తెగలేదు.

మన దేశమున బొంబాయిలో 1885లో బధిరులకు, అమృతసరులో 1887లో అంధులకు, కలకత్తాలో 1893లో బధిరులకు పాఠశాలలు వెలసినవి. కలకత్తా పాఠశాల స్థాపకులలో ఒకరైన జామినీనాథ్ బెనర్జీ విదేశములకు పోయి శిక్షణ పొంది వచ్చినారు. ఉపాధ్యాయులను తయారుచేయు పని చిరకాలము ఇట్టి పాఠశాలల ఒడిలోనే సాగినది. 1964–66 కొఠారీ సంఘము ఈ పిల్లలను వీలైనంతవరకు మామూలు బడులలో చదివింపుడన్నది. 1974లో అందుకు కేంద్ర పథకము వచ్చినది. 1984లో సికింద్రాబాదున బుద్ధిమాంద్యత గలవారికై జాతీయ సంస్థ నెలకొనుటతో మన తెలుగునాట ఈ విద్యకు ఒక ఇల్లు ఏర్పడినది. అక్కడి శిక్షణకు ఉస్మానియా విశ్వవిద్యాలయము పట్టములిచ్చినది.

1992లో భారత పునరావాస మండలి చట్టము వచ్చినది. అర్హత లేనివారి చేతిలో పిల్లలు పడకుండ, పట్టికలో పేరు నమోదైనవారే ఈ వృత్తి చేయవలెనన్న నియమము పెట్టినది. అవసరమైన నియమమే. కాని దాని నీడ మరియొక వైపు పడినది. ప్రత్యేక విద్య పట్టములకు ఒక మండలి, మామూలు బి.ఇడి. పట్టములకు మరియొక మండలి అధికారులైనవి. ఈ బిడ్డ నా పని కాదు, ఆ పట్టికలోనివారి పని అని మామూలు ఉపాధ్యాయుడు అనుకొనుటకు వీలు చిక్కినది. 2014 నిబంధనలతో రెండేండ్లయిన బి.ఇడి. చదువులో సహిత పాఠశాలను గూర్చిన పాఠ్యాంశము ఒకటి చేరినది. అది ఆ గోడకు పెట్టిన కిటికీ. పుస్తకములో చదివినది చాలదు. అట్టి బిడ్డతో కొన్ని వారములైన కూర్చుండనిదే ఆ పాఠము పరీక్షపత్రముతోనే ముగియును. మండలములలోని భవిత కేంద్రములు మన ఉపాధ్యాయ విద్యార్థులకు అందుబాటులోనే ఉన్నవి.

1995 చట్టము ఏడు వైకల్యములను పేర్కొనగా, 2016 చట్టము ఇరువదియొకటిని పేర్కొన్నది. హక్కు కోరుటకు పేరు కావలెను. పాఠము చెప్పుటకు మాత్రము పేరు చాలదు. సహిత విద్య అనగానేమో ఈ రెండవ చట్టము స్పష్టముగా నిర్వచించినది. సంజ్ఞాభాష తెలిసిన ఉపాధ్యాయులను, వైకల్యము గల ఉపాధ్యాయులను నియమింపవలెనని కూడ అన్నది. 1988లో గాలడెట్ విద్యార్థులు ఒక వారము విద్యాలయమును స్తంభింపజేసి, తమ తొలి బధిర అధ్యక్షునిగా కింగ్ జోర్డన్‌ను సాధించుకొన్నారు. మన దేశమున 2015లో ఢిల్లీలో భారత సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రము వెలసినది. సంజ్ఞాభాష బోధించుటకై అక్కడ ఒక డిప్లొమా ఉన్నది. ఆ తరగతిలో చేరి, ఉపాధ్యాయులై బయటికి వచ్చువారు బధిరులు.